తిన్నింటి వాసాలు

తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడం మన భాషలో చిన్న నింద కాదు. అన్నం పెట్టిన ఇంటికే కీడు తలపెట్టేవాణ్ణి ఆ మాటతో దుయ్యబడతాం. అయితే లోకంలో కొన్ని భోజనశాలలకు మనుషులు వెళ్ళేది సగం తినడానికి, సగం వాసాలు లెక్కపెట్టడానికి. మొరాకో దేశంలో, మరాకేష్ నగరంలో ఉన్న లా మమూనియా హోటలు అటువంటిది. 1923లో తెరిచిన ఆ హోటలు ఒక రాచతోటలో ఉంది. 18వ శతాబ్దంలో సుల్తాను మహమ్మద్ బిన్ అబ్దుల్లా తన కొడుకు మామూన్‌కు పెళ్ళికానుకగా ఇచ్చిన తోట అది. హోటలుకు ఆ కొడుకు పేరే వచ్చింది. చెక్కడపు పనితో నిండిన దేవదారు కప్పులు, రంగు పెంకుముక్కలు అతికిన గోడలు, ఆవరణల్లో నీటిబుగ్గలు. అక్కడ మొరాకో వంటలకే ప్రత్యేకించిన భోజనశాల ఒకటుంది. అటువంటి చోట తిన్నవాళ్ళు రాసుకున్న వర్ణనలు కొన్ని చదివాను. వాటిలో కప్పు గురించి ఉంటుంది, దీపాల గురించి ఉంటుంది, మూలన కూర్చుని తంత్రీవాద్యం మీటే మనిషి గురించి ఉంటుంది, ముట్టుకోగానే మాంసం ఎముక నుంచి ఎలా విడిపోయిందో ఉంటుంది. ఆ వంటను పుట్టించి, తరాలపాటు కాపాడుకొచ్చిన మనుషుల గురించి ఉండేది బహు తక్కువ.

నా ప్రశ్న అక్కడ మొదలవుతుంది. పేదవాళ్ళ ఇంటి వంట రాజభవనం వంటి హోటల్లో బల్ల ఎక్కితే, ఆ వంట తమదైన మనుషులకు గౌరవం దక్కినట్టేనా? దక్కకపోతే, డబ్బు చెల్లించి తిని లేచినవాడు వాళ్ళకింకా ఏమైనా బాకీ ఉన్నాడా?

ఆష్టిలో కూర్చున్నవాడికి మరాకేష్ భోజనంతో ఏం పని అని పాఠకులకు అనిపించవచ్చు. ఒక చెట్టు సంగతి చెబుతాను. మొరాకో నైరుతి భాగంలో, సూస్ ప్రాంతపు ఎండు నేలల్లో అర్గన్ అనే ముళ్ళచెట్టు పెరుగుతుంది. అక్కడి ఆడవాళ్ళు దాని పళ్ళు ఏరి, గట్టి పెంకును రాతిమీద పెట్టి రాతితో పగలగొట్టి, లోపలి పలుకులను వేయించి, తిరగలిలో విసిరి, ఆ ముద్దను నీళ్ళతో పిసికి నూనె తీస్తారు. ఒక్క లీటరు నూనెకు ముప్ఫై కిలోలకు పైగా పళ్ళు కావాలి. ఆ నూనె ఇవాళ ప్రపంచంలోని పెద్ద హోటళ్ళ బల్లలమీదా, సంపన్నుల సౌందర్య సామగ్రిలోనూ ఉంది. వృక్షశాస్త్రం ప్రకారం అర్గన్‌దీ, మన అడవిలోని ఇప్పచెట్టుదీ ఒకే కుటుంబం. మనకు తెలిసిన సపోటా కూడా ఆ కుటుంబంలోదే. ఎండాకాలం మొదట్లో తెల్లవారకముందే బుట్ట పట్టుకుని ఇప్పపువ్వు ఏరడానికి పోయే గోండు తల్లికీ, ఇప్ప పలుకుల నుంచి నూనె తీసుకునే మాడియా కుటుంబానికీ, సూస్ కొండల్లో రాయి పట్టుకుని కూర్చున్న ఆ స్త్రీకీ చెట్టు వరస చుట్టరికం ఉంది. చెట్లకున్న చుట్టరికం మనుషులకు ఉంటుందో లేదో చూడవలసి ఉంది.

ముందు ఆ భోజనంలో ఉన్నదేమిటో చూద్దాం. కుస్‌కుస్ గురించి చాలామంది వినే ఉంటారు. గోధుమ రవ్వను వెడల్పాటి పళ్ళెంలో పోసి, నీళ్ళు చిలకరించి, కాస్త పిండి చల్లి, అరచేతులతో గుండ్రంగా రాస్తూ పోతే చిన్న చిన్న పూసలవుతుంది. దాన్ని జల్లించి, కింద కూర ఉడుకుతుంటే ఆ ఆవిరిమీదే పైగిన్నెలో రెండుమూడు సార్లు ఉడికిస్తారు. శుక్రవారం నమాజు తర్వాత ఇంటిల్లిపాదీ ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని, ఎవరి ముందున్నది వాళ్ళు తింటారు. మంచి మాంసపు ముక్కను ఇంటి పెద్ద చుట్టంవైపు నెడతాడు. తంజియా అనే మరో వంట అచ్చంగా మరాకేష్ పనివాళ్ళది. తోలుపని, చెక్కపని చేసుకునే మగవాళ్ళు మట్టికూజాలో మాంసం, జీలకర్ర, ఊరవేసిన నిమ్మకాయ, కాస్త కుంకుమపువ్వు వేసి మూతి కట్టి, వీధి స్నానాల గది కింద నీళ్ళు కాచే పొయ్యి దగ్గర ఇచ్చి పోతారు. పొయ్యి చూసే మనిషి దాన్ని వేడి బూడిదలో గంటల తరబడి పూడ్చి ఉంచుతాడు. పని దిగి వచ్చేసరికి వంట సిద్ధం. ఇక బస్తీలా అనే పండుగ వంటకు పలచని రేకులు కావాలి. తడిపిండి ముద్దను వేడి పెనానికి తాటించి తాటించి తీసే ఆ రేకులను చూస్తే, బోర్లించిన కుండమీద బియ్యపుపిండి జారును పరిచి పూతరేకులు తీసే ఆత్రేయపురం ఆడవాళ్ళు గుర్తుకు రాక మానరు.

ఇవన్నీ హోటలు బల్లమీదకు వచ్చేసరికి మారతాయి. ఒకే పళ్ళెం చుట్టూ కూర్చోవడం పోయి ఎవరి గిన్నె వారికి వస్తుంది. బూడిదలో ఉడికిన కూజా తెల్లగుడ్డ మీద కూర్చుంటుంది. మారడం తప్పని నేననను. వంటలు మారుతూనే బతుకుతాయి. మొరాకోవాళ్ళు ప్రాణంగా చూసుకునే పుదీనా చాయ్‌లోని ఆకు చైనాది. 19వ శతాబ్దంలో ఇంగ్లీషు వర్తకులు ఆ రేవుల్లో తేయాకు ముమ్మరంగా దించాకే అది ఇంటింటి అలవాటయింది. మన మిరపకాయ, టమాట సముద్రాలు దాటి వచ్చినవే. అంచేత 'మా వంటను దొంగిలించారు' అనే ఫిర్యాదు నాకంత బలంగా తోచదు. వంటకు పహాణీలు, పట్టాలు ఉండవు. ఒకరు తింటే మరొకరికి తరిగిపోయేది కాదు వంట తెలివి.

రెండో ఫిర్యాదు ఆకలి గురించి. ఇంతమంది పస్తులుంటే అంత ఖరీదు భోజనం ఏమిటి అని. ఆ మాటకు చరిత్రలో సాక్ష్యం దొరుకుతుంది. 1943 జనవరిలో చర్చిల్ మరాకేష్‌లో కుతుబియా మసీదు గోపురాన్ని సూర్యాస్తమయపు రంగుల్లో బొమ్మ గీశాడు. మళ్ళీ ఆ ఏడాది చివర జబ్బుపడి కోలుకోవడానికి అదే ఊరికి వచ్చాడు. ఆ సంవత్సరమే బెంగాల్లో లక్షల మంది తిండి లేక చనిపోయారు. ఆ బొమ్మ 2021లో లండన్‌లో ఎనభై లక్షల పౌండ్ల పైచిలుకుకు అమ్ముడుపోయింది. చదివితే కడుపు రగులుతుంది. అయినా ఆకలిని తూకపురాయిగా పెడితే హోటలు భోజనం ఒక్కటే తేలదు. మన ఊళ్ళో పెళ్ళి విందూ తేలదు, పండుగనాటి పాయసమూ తేలదు. ఆకలి అనే ప్రశ్న లోకంలోని అన్ని బల్లల మీదా ఒకేలా పడుతుంది. ఈ బల్లకే ప్రత్యేకమైన ప్రశ్న వేరే ఉంది.

ఆ ప్రశ్నకు దగ్గరగా తీసుకుపోయే మాట 'దాదా'. మరాఠీలో దాదా అంటే అన్న. మన సినిమాల్లో దాదా అంటే రౌడీ. మొరాకోలో దాదా అంటే పెద్దింటి వంటశాల నడిపే స్త్రీ. సుల్తానుల అంతఃపురాల్లో, ఫెజ్, మరాకేష్ నగరాల్లోని వర్తకుల ఇళ్ళల్లో వంట ఆమెదే, పిల్లల పెంపకమూ చాలావరకు ఆమెదే. సహారా ఎడారికి దక్షిణాన ఉన్న ఊళ్ళ నుంచి ఎత్తుకొచ్చి అమ్మిన నల్లజాతి స్త్రీలూ, వాళ్ళ సంతానమూ ఆ దాదాలు. 1912లో ఫ్రెంచివారి పెత్తనం వచ్చాక బహిరంగ బానిస సంతలు మూతపడ్డాయిగాని, ఇళ్ళలో ఉన్న మనుషులు చాలాకాలం ఆ ఇళ్ళలోనే ఉండిపోయారు. ఫాతిమా మెర్నిస్సీ 1994లో వెలువరించిన బాల్యస్మృతుల పుస్తకంలో మీనా అనే స్త్రీ ఉంది. చిన్నపిల్లగా ఉన్నప్పుడు సూడాన్ ప్రాంతం నుంచి ఎత్తుకుపోయి అమ్మేశారు ఆమెను. ఇవాళ 'రాచవంట' అని పెద్ద హోటళ్ళు గర్వంగా చెప్పుకునే దానిలో చాలాభాగం ఇటువంటి స్త్రీల నాలుక జ్ఞాపకం, చేతి కొలత. కాగితం మీద రాసుకున్నది కాదు. తమ పల్లె పేరు మరిచిపోయేంత చిన్న వయసులో వచ్చినవాళ్ళు, తమకు పరాయిదైన ఇంటి వంటను కాపాడి ఆ ఇంటివాళ్ళకే అప్పగించారు.

హోటలు పక్షాన చెప్పవలసింది కూడా ఉంది. రెండు రోజులు పట్టే వంటను ఇంట్లో చేసుకునే తీరిక ఎవరికీ లేని కాలంలో, జీతమిచ్చి ఆ వంటను నిలబెట్టేది అటువంటి పెద్ద వంటశాలే. హోటల్లో వంటమనిషికి నెల జీతం ఉంది, రాజీనామా చేసే హక్కు ఉంది. దాదాకు అవి లేవు. మరాకేష్‌లోనే అల్ ఫాసియా అనే భోజనశాల 1987 నుంచి ఉంది. అక్కడ వంటా వడ్డనా అన్నీ స్త్రీల చేతుల మీదుగానే నడుస్తాయి. ఫాతెమా హాల్ అనే మొరాకో మహిళ 1980వ దశకంలో పారిస్‌లో మన్సూరియా పేరుతో భోజనశాల తెరిచి, పాతతరం స్త్రీల వంటలను సేకరించి పుస్తకాలు రాశారు. డబ్బుతో నడిచే బల్ల అంతా చెడ్డదని, పాతకాలపు ఉచిత విందు అంతా మంచిదని అనుకోవడం సరికాదు. మొరాకోలో దిఫ్ఫా అనే పెద్ద విందులో చివరగా కుస్‌కుస్ వస్తుంది, చుట్టం ఇంకా ఆకలితో లేచాడనే మాట ఇంటివాడికి రాకూడదని. వినడానికి ఎంతో బాగుంటుంది. కాని ఆ విందులోనే మగవాళ్ళ గదిలో మిగిలింది ఆడవాళ్ళ గదికీ, అక్కడ మిగిలింది పనివాళ్ళకూ పోయేది. మన బంతి భోజనాల వరస మాత్రం వేరుగా ఉండేదా? ఏ కులం ఏ బంతిలో, ఎవరు అరుగుమీద, ఎవరు పెరట్లో, ఎవరు అందరూ తిన్నాక — ఇదంతా చెప్పకుండానే అందరికీ తెలిసిన శాస్త్రం.

అయితే పాత విందుకూ కొత్త హోటలుకూ ఒక్క విషయంలో తేడా ఉంది. అది ఋణం. పాత విందులో తిన్నవాడు ఋణపడతాడు. మనం 'ఉప్పు తిన్న ఇల్లు' అంటాం. ఆ ఋణాన్ని డబ్బుతో తీర్చడం అవమానం. మళ్ళీ మనింట పిలిచి పెట్టాలి, కష్టానికి పోవాలి. హోటల్లో బిల్లు చెల్లించగానే ఎవరికీ ఎవరూ ఏమీ కారు. ఈ తెంపు చాలా సుఖంగా ఉంటుంది. నిజానికి మనం అక్కడ కొనుక్కునేవాటిలో అన్నిటికన్నా ఖరీదైనది ఆ సుఖమేనని నా అనుమానం. ఎవరి దయా లేకుండా, ఎవరి పేరూ తెలుసుకోనక్కర లేకుండా తినగలగడం. కాని బిల్లు తీర్చేది అమ్మినవాడి బాకీని. వంటను తరాలపాటు మోసుకొచ్చినవాళ్ళు ఆ బిల్లులో లేరు. వాళ్ళకు ఇవ్వవలసింది ఏమిటన్నది మిగిలే ఉంటుంది.

ఆ మిగిలినది ఏమిటో కుస్‌కుస్ పేరే చెబుతుంది. ఆ మాట ఉత్తర ఆఫ్రికా మూలవాసులైన అమాజిగ్ ప్రజల భాష నుంచి పుట్టిందని భాషావేత్తల్లో ఎక్కువమంది అభిప్రాయం. బయటివాళ్ళు వాళ్ళను బెర్బర్‌లన్నారు. 'అనాగరికులు' అనే అర్థమున్న పాత ఐరోపా మాటతో దానికి సంబంధం ఉందంటారు. వాళ్ళు తమను తాము అమాజిగ్ అనుకుంటారు. మన పక్కనున్నవాళ్ళను మనం గోండులంటాం, వాళ్ళు తమను కోయితోర్ అని చెప్పుకుంటారు. ఇదీ అంతే. 1956లో మొరాకో స్వతంత్రమయ్యాక బళ్ళకు, కచేరీలకు అరబ్బీయే భాష అయింది. ఫ్రెంచి ఎలాగూ ఉండనే ఉంది. కుస్‌కుస్ అన్ని హోటళ్ళలోనూ రాజ్యమేలుతుండగా ఆ మాటను పుట్టించిన భాషకు బడిలో చోటు లేదు. 1994 మే 1న ఎర్రాషిదియాలో జరిగిన కార్మిక దినోత్సవ ఊరేగింపులో తమ భాష గురించి, తమ లిపిలో రాసిన బ్యానర్లు పట్టుకున్నందుకు గుల్మీమా వాసులు కొందరిని అరెస్టు చేశారు. వాళ్ళలో టీచర్లూ ఉన్నారు. ఆ రోజుల్లో కూడా మరాకేష్ హోటళ్ళలో కుస్‌కుస్ వేడిగానే వడ్డించి ఉంటారు.

తర్వాత కాలం కొంత మారింది. 2001లో అమాజిగ్ సంస్కృతికి రాజసంస్థ ఏర్పడింది. 2003లో ఆ భాషకు తిఫినాగ్ లిపిని ఖాయం చేసి బళ్ళలో మొదలుపెట్టారు. 2011 రాజ్యాంగం దాన్ని అధికార భాషగా గుర్తించింది. అమాజిగ్ సంవత్సరాది 2024 జనవరి 14న మొదటిసారి దేశమంతటా సెలవు దినమయింది. ఇవేవీ హోటళ్ళు తెచ్చినవి కావు. ఎన్ని వేల మంది విదేశీయులు ఎంత ఇష్టంగా ఆ వంట తిన్నా, ఆ తినడం వల్ల ఒక్క అక్షరం కూడా బడిలోకి రాలేదు. బ్యానరు పట్టుకున్నవాళ్ళు జైలుకు పోతే వచ్చాయి. వంటకు దొరికిన గౌరవం తనంతట తానుగా మనిషి దాకా పోదు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు బోధపడిన ముఖ్య విషయం ఇదే.

2020లో యునెస్కో కుస్‌కుస్‌ను మానవజాతి వారసత్వాల జాబితాలో చేర్చింది. అల్జీరియా, మారిటేనియా, మొరాకో, ట్యునీషియా కలిసి కోరుకున్న గౌరవం అది. మరుసటి ఏడాది, 2021లో, అల్జీరియా మొరాకోతో దౌత్యసంబంధాలు తెంచుకుంది. ఆ రెండు దేశాల మధ్య నేలదారి 1994 నుంచి మూసే ఉంది. పళ్ళెం దాటిన సరిహద్దును ఆ పళ్ళెంలో తినే మనుషులు దాటలేకపోతున్నారు.

ఈ మాట మనకు వేరే చెప్పనక్కరలేదు. ఆష్టికి దిగువన, చప్రాళ దగ్గర వార్ధా వచ్చి వైనగంగలో కలిసి ప్రాణహిత అవుతుంది. ఆ నీరు సిరొంచ దాకా పోయి, అవతలి ఒడ్డున కాళేశ్వరం దగ్గర గోదావరిలో పడుతుంది. రెండు ఒడ్లమీదా తినేది ఒకే అంబలి, ఒకే జొన్న గటక. కాని ఒక ఒడ్డున తెలుగు రాజభాష, ఇంకో ఒడ్డున ఇంటిభాష. ఒకప్పటి చాందా జిల్లా 1956లో మధ్యప్రదేశ్ నుంచి బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి వచ్చింది. 1982లో అందులోంచి గడ్చిరోలి జిల్లా విడివడింది. పొయ్యి కదలలేదు, దాని మీది జెండాలు మారాయి. 1956లోనే రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు అందించే ఏర్పాటు చేయాలని రాష్ట్రాలకు చెబుతుంది. మనం ఆ అధికరణాన్ని చూపించి అడుగుతూనే ఉన్నాం. అడగడం ధర్మం.

మా వైపు కుర్రాడొకడు ఒక పెద్ద నగరంలో ఒక పెద్ద హోటలు వంటశాలలో పనిచేస్తాడు. సెలవులకు వచ్చినప్పుడు కబుర్ల మీద కబుర్లు చెబుతాడు. ఒకసారి వాళ్ళ హోటల్లో మొరాకో వంటల వారం పెట్టారట. కుస్‌కుస్ పొట్లంలో వచ్చింది, వేడినీళ్ళు పోసి మూతపెట్టి చేతితో విడదీయడం అతని పని. 'కాకా, చేతికి అచ్చం మా అమ్మ వండే గటక లెక్కనే తగిలింది' అన్నాడు. ఆ మాట అక్కడెవరికైనా చెప్పావా అని అడిగాను. నవ్వాడు. బల్ల దగ్గరికి వెళ్ళినప్పుడు ప్రతి వంట పుట్టుపూర్వోత్తరాలూ ఇంగ్లీషులో చెప్పాలని వాళ్ళకు నేర్పారట. గటక అనే మాటకు అందులో చోటు లేదు. అతనిది ఫిర్యాదు కూడా కాదు, జీతం బాగానే ఉంది. నన్ను పట్టుకున్నది ఆ నవ్వు. ప్రపంచంలో ఎక్కడో ఉన్న తల్లి వంటను పొగడడం నేర్చుకున్న నోరు, తన తల్లి వంట పేరు దగ్గర ఆగిపోయింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది, ఆ సెప్టెంబరులో ఢిల్లీలో దేశాధినేతల విందులో చిరుధాన్యాల వంటలు వడ్డించారు. జొన్నకు గౌరవం వచ్చింది. జొన్న తిని పెరిగిన కుర్రాడికి అది ఇంకా అందవలసి ఉంది.

ఇంతదాకా మాట్లాడింది మనకు రావలసిన బాకీ గురించి. మనం ఇవ్వవలసిన దాని గురించి కూడా ఇదే తక్కెడతో మాట్లాడాలి. మన సరిహద్దులో తెలుగువాడు మరాఠీ ముందు చిన్నవాడే కావచ్చు. గోండీ ముందు, మాడియా ముందు అతడు పెద్దవాడు. సంతలో ఇప్పపువ్వు కొనేవాడు, చిరోంజి కొనేవాడు, తునికాకు కట్టలు లెక్కపెట్టేవాడు చాలాసార్లు తెలుగులోనో మరాఠీలోనో బేరమాడతాడు. అమ్మేవాళ్ళే కొనేవాడి భాష నేర్చుకుని రావాలి. ఆ పువ్వుకు కూడా ఇవాళ పెద్దరికం వచ్చింది. 2018 నుంచి ఇప్పసారా గోవాలో అందమైన సీసాల్లో దొరుకుతోంది. 2022లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం దానికి 'వారసత్వ మద్యం' హోదా ఇచ్చే విధానం తెచ్చింది. మన జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం ఉంది. దానికోసం పోరాడినవాళ్ళలో ఆడవాళ్ళే ముందున్నారు, వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి, దాని మంచిచెడ్డలు వేరే చర్చ. ఒకే పువ్వు ఒకచోట కేసు, మరొకచోట వారసత్వం కావడంలోని న్యాయం మాత్రం ఆ పువ్వు ఏరినవాళ్ళను ఎవరూ అడగలేదు.

అడిగితే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ మన జిల్లాలోనే ఉంది. ధనోరా తాలూకాలోని మెంఢా-లేఖా గ్రామం 2006 అటవీహక్కుల చట్టం కింద 2009లో సామూహిక అటవీహక్కు పొందింది. 2011లో తన వెదురును తానే అమ్ముకునే అధికారమూ దక్కించుకుంది. అంతవరకు అడవి సరుకుకు కూలి మాత్రమే పుచ్చుకున్నవాళ్ళు సరుకుకు యజమానులయ్యారు. అదే తాలూకాలో మోహగావ్ గ్రామసభ 2019లో పిల్లలకు గోండీ మాధ్యమంలో బడి పెట్టుకుంది. గుర్తింపు లేదన్న చిక్కు ఆ బడిని వెంటాడింది. మన తెలుగు బడి గురించి మనం చెప్పే ప్రతి వాక్యమూ ఆ బడికి కూడా అతుకుతుంది. 350-ఎ అధికరణం మన కోసమే రాసింది కాదు.

అందుచేత నా ప్రశ్నకు నేను చెప్పుకున్న జవాబు ఇది. లా మమూనియాలో భోజనం చేయడం పాపం కాదు. చేయకపోవడంలో పుణ్యమూ లేదు. ఒక వంటకు నిజమైన గౌరవం జరిగిందా అని తేల్చుకోవాలంటే పళ్ళెం ఖరీదు చూడనక్కరలేదు. ఆ వంట పుట్టిన ఇంటి మనిషి, తన పేరుతో, తన భాషలో, ఆ బల్ల దగ్గరికి నడిచి వచ్చి కూర్చోగలడా అని చూడాలి. కూర్చోలేకపోతే తిన్నవాడి బాకీ అలాగే ఉంది, ఎంత బిల్లు కట్టినా సరే. ఆ బాకీని తీర్చే దారి హోటల్లో లేదు. బయట ఉంది: బడిలో, సంతలో, గ్రామసభలో, కచేరీ గుమ్మంలో. రుచి చూసి మెచ్చుకున్న నోరు అక్కడ కూడా ఒక మాట సాయం చేయాలి. నోటికి ఆ రెండు పనులూ ఉన్నాయి గదా.

ఎండాకాలం పెళ్ళిళ్ళు వస్తాయి. మన ఊళ్ళలో ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో మోదుగాకు విస్తళ్ళలోనే వడ్డిస్తారు, కాగితపు పళ్ళేలకన్నా అదే మర్యాద అని. అడవిలోకి పోయి ఆకు తెంపి, ఈనెపుల్లలతో ఒక్కొక్కటీ కుట్టి, కట్ట కట్టి నెత్తిన పెట్టుకుని తెచ్చే ఆడవాళ్ళు వాటి లెక్క అప్పజెప్పి, డబ్బు తీసుకుని వెళ్ళిపోతారు. వాళ్ళను ఆగమని, తాము కుట్టిన విస్తరి ముందే, మొదటి బంతిలోనే కూర్చోబెట్టి, ఆ ఆకును వాళ్ళ భాషలో ఏమంటారో అడిగి తెలుసుకునే ఇల్లు మన వైపు ఎన్ని ఉన్నాయో మనమే లెక్కపెట్టుకోవాలి. వాసాలకన్నా ముందు లెక్కపెట్టవలసింది అది.